తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

(చెన్నైలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మెడిసిన్ వాళ్లే ముందు వరసలో కూర్చోవాలని రూలేమీ లేదు. ప్రమాదాలు, వరదలు వచ్చినప్పుడు మీరు చేయగల సాయం గురించి మాట్లాడదామని వచ్చాను. నిజం చెప్పాలంటే ఎక్కువగా మాట్లాడాల్సింది ఇంజనీరింగు, బీకాం పిల్లలతోనే.

2014 జూన్ 28న ఈ ఊళ్లోనే, మౌలివాక్కంలో, కడుతూ ఉన్న పదకొండంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వచ్చినవాళ్లు. మర్నాడు నాకు తెలిసిన ఒక నర్సు ఫోన్ చేసి, "మేడం, ఇక్కడ తెలుగు వచ్చినవాళ్లు ఎవరూ లేరు, కాస్త రాగలరా?" అంది. నేను ఎముకల డాక్టర్ని కాదు, ఆపరేషన్లు చేసేదాన్నీ కాదు. తెలుగు వచ్చు, అంతే. వెళ్లాను.

ఒక కుర్రాడు, పాతికేళ్లుంటాయి. కాలు గంటల తరబడి శ్లాబు కింద ఉండిపోయింది. డ్యూటీ డాక్టరు తమిళంలో అడుగుతున్నాడు, ఇంగ్లీషులో అడుగుతున్నాడు. కుర్రాడు అన్నిటికీ తలూపుతున్నాడు. నొప్పి ఉందా అంటే ఊపుతాడు, లేదా అంటే ఊపుతాడు. కండరాలు అలా నలిగితే అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. పైకి మనిషి బాగానే కనిపిస్తాడు, కిడ్నీలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. అది ముందుగా తెలిసే గుర్తుల్లో మూత్రం రంగు ఒకటి. డాక్టరు అడుగుతున్నదీ అదే. నేను పక్కన కూర్చుని, "ఒంటేలు ఏ రంగులో వచ్చింది బాబూ?" అన్నాను. "టీ డికాషన్ లాగుందమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటతో డాక్టరు లేచి సెలైన్ సంగతి చూశాడు, రక్తపరీక్షలకు పంపాడు.

నొప్పికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. సలుపు, పోటు, పీకు, మంట, తిమ్మిరి. ఇవన్నీ ఒకటి కావు. "నిన్న సలిపింది, ఇవాళ తిమ్మిరెక్కింది" అని దెబ్బ తగిలిన మనిషి అంటే నొప్పి తగ్గిందని సంతోషపడకూడదు, నరానికో రక్తప్రసరణకో ఏమైందోనని భయపడాలి. దాన్ని మీరు ఇంగ్లీషులోకి 'పెయిన్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే డాక్టరుకు అందాల్సింది అందదు. దుబాసీ పని చేసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రోగి తరఫున మీరు జవాబు చెప్పొద్దు. పెద్దవాళ్లు మొహమాటపడి దాచే సంగతులు అడగాల్సి వస్తే, ఆడవాళ్లను అమ్మాయిలే అడిగేట్టు చూడండి.

ఆ కుర్రాడు నన్ను అడిగింది మాత్రం కాలు గురించి కాదు. "మా తమ్ముడేటయ్యాడమ్మా?" అన్నాడు. బాగానే ఉన్నాడులే అని నోటిదాకా వచ్చింది. అనలేదు. కనుక్కుని వచ్చి చెబుతానన్నాను. ఆపదలో ఉన్నవాళ్ల మనసుకు ఆసరా ఇవ్వడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక చేతిపుస్తకం తెచ్చింది. అందులో అసలు విషయం మూడు మాటలు: చూడు, విను, కలుపు. కలపడమంటే మనిషిని తన వాళ్లతో, తనకు కావాల్సిన సాయంతో కలపడం. జరిగిందంతా చెప్పమని బలవంతపెట్టొద్దని, తెలియని సంగతికి మాట ఇవ్వొద్దని కూడా అందులో ఉంది.

తమ్ముణ్ని వెతకడానికి నాకు సగం రోజు పట్టింది. ఎందుకో చెబుతాను, బీకాం వాళ్లు వినండి. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ప, బ లకూ అంతే, త, ద లకూ అంతే. బంగారయ్య పేరు ఆసుపత్రి జాబితాలో ఎక్కేసరికి పంగారయ్య అయినా కావచ్చు. పైగా ఇక్కడివాళ్లు పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు, మనం ఇంటిపేరు రాస్తాం. దాంతో ఒకే మనిషి రెండు ఆసుపత్రుల్లో ఇద్దరవుతాడు, లేదా ఎక్కడా ఉండడు. రెండు లిపులూ తెలిసిన ఒక పిల్లవాడు నోటుబుక్కు పట్టుకుని పేరు, ఊరు, మండలం, వయసు, ఒంటి మీద గుర్తు, ఫోన్ నంబరు రాసుకుంటూ తిరిగి ఉంటే ఎన్ని కుటుంబాలకు ఆ రాత్రి టెన్షన్ తప్పేది! ఆ పనికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. తమ్ముడు దొరికాడు, మూడో చోట, చెయ్యి విరిగి.

ఇప్పుడు మేం చేసిన తప్పు ఒకటి. 2015 డిసెంబరు వరదలు మీలో కొందరికి లీలగా గుర్తుండొచ్చు. అడయారు నది పొంగి ఇళ్లలోకి వచ్చింది. నీళ్లు తీశాక ఎలుక జ్వరం భయం పట్టుకుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో పుండ్ల కాళ్లతో తిరిగితే వచ్చే జబ్బది. బురదలో పనిచేసేవాళ్లకు ముందు జాగ్రత్తగా డాక్సీసైక్లిన్ ఇస్తారు, పెద్దవాళ్లకు వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాములు. బురదలో అందరికంటే ఎక్కువగా దిగింది పారిశుద్ధ్య కార్మికులు. చెన్నైలో పొద్దున్నే వీధులూడ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారన్న సంగతి మీలో ఎందరికి తెలుసు? తరాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలవి. మన అపార్టుమెంటు ముందు రోజూ కనిపిస్తారు, తెలుగులో పలకరించం.

మా జట్టు హడావుడిగా వాళ్లకు మాత్రలు పంచింది. చీటీ ఇంగ్లీషులో ఉంది. ఫొటోలు కూడా తీసుకున్నాం, సిగ్గుపడుతూ చెబుతున్నాను. మూడో రోజు ఒక పెద్దాయన, "ఆ బిళ్ళ మా మనవడికి జ్వరమొస్తే సగం ఇచ్చానమ్మా, మంచిదేగా?" అన్నాడు. మనవడికి ఐదేళ్లు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఆ మందు ముందు జాగ్రత్త పేరుతో పంచకూడదు. పిల్లవాడికి ఏమీ కాలేదు, అది మా అదృష్టం. ఆ సాయంత్రమే ఇంటింటికీ మళ్లీ తిరిగాం. ఈసారి మాత్రలు డాక్టరు చూసి ఇచ్చారు. ఎవరు వేసుకోవాలో, ఎవరు వేసుకోకూడదో మా జట్టులోని విద్యార్థులు తెలుగులో, తమిళంలో చెప్పి, విన్నవాళ్లతో తిరిగి చెప్పించారు. తిరిగి చెప్పించడమే ముఖ్యం. "అర్థమైందా?" అంటే అందరూ అయిందనే అంటారు, నేనూ అంటాను.

మాటలో మాట. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది, ఎల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగం నుంచి. భీమవరంలో పుట్టి, ఈ ఊళ్లోనే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినాయన. మందు మనవాడి చలవ, దాన్ని వాడే తీరు చెప్పే తెలుగు ముక్క మాత్రం మా చీటీలో లేదు!

వైద్య విద్యార్థులకు కోపం రాకుండా ఒక మాట. కాలేజీలో ఒంటరిగా చేయడానికి మీకు అనుమతి లేని పని, సహాయ శిబిరంలోనూ చేయొద్దు. జనం ఎక్కువగా ఉన్నారనీ, డాక్టరు దొరకలేదనీ కుట్లు వేయడం, ఇంజెక్షన్లివ్వడం కుదరదు. అక్కడున్నది పేదవాళ్లయితే ఇంకా కుదరదు, ఎందుకంటే వాళ్లు మిమ్మల్ని ప్రశ్నించరు.

అలాగని చిన్న పని అంటే తక్కువ పని అనుకోవద్దు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు లక్షలుగా వచ్చినప్పుడు, సరిహద్దు దగ్గర బొంగావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నాడు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 4 శాతం లోపుకు దిగాయి. కలపడం, కొలవడం, ఓపిగ్గా గుక్కగుక్క తాగించడం. ఇందులో ఏది మీకు రాదు? ఇవాళ ఓఆర్ఎస్ పొట్లం దొరుకుతుంది, లీటరు నీళ్లలో ఒక పొట్లం మొత్తం. గ్లాసులో కాస్త పొడి కలపడం, తాగగా మిగిలిన నీళ్లు రేపటికి దాచడం వద్దు.

మందులు సేకరించి పంపుదామన్న ఉత్సాహం కూడా కాస్త తగ్గించండి. 1988లో ఆర్మేనియా భూకంపానికి 5,000 టన్నుల మందులు, సామగ్రి వచ్చిపడ్డాయి. వాటిని విడదీయడానికే 50 మందికి ఆరు నెలలు పట్టింది. సగం వాడిన సిరప్పు సీసాలు, అట్టలేని మాత్రలు మనం ఎవరికైనా ఇస్తే మన ఇంట్లో చెత్త తీసి వాళ్ల ఇంట్లో వేసినట్టే. పాలపొడి డబ్బాలూ అంతే. మురికినీళ్లలో కలిపితే చంటిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. శిబిరం నడిపేవాళ్లను ఏం కావాలో అడిగి, అదే పంపండి. ఒక్కోసారి వాళ్లు బక్కెట్లు, మగ్గులు, శానిటరీ ప్యాడ్లు అంటారు. ఫొటోకు బాగుండవు, పంపండి.

ఇలాంటి సాయానికి వస్తామని పేర్లు ఇచ్చేవాళ్లు బయట బల్ల దగ్గర రాయండి. ఏ ఊరి తెలుగు బాగా వచ్చో కూడా రాయండి, సిక్కోలు యాస వచ్చినవాళ్లు తప్పకుండా. తమిళం చదవడం, రాయడం వచ్చా, రాదా అన్నది నిజాయితీగా రాయండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ఇంటికి ఫోన్ చేసి అమ్మను అడగండి. హెపటైటిస్ బి టీకా పెద్దవాళ్లకు మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. ఇది మార్చి. ఇక్కడ పెద్ద వానలు మొదలయ్యేది అక్టోబరులో.