చెద పేగులో ప్రోటోజోవా, వాటి ఒంటి మీద బాక్టీరియా: స్లైడ్ తయారీ, గుర్తింపు

తెర మీద ఈదుతున్నదాన్ని చూడండి. కదురులా రెండు కొసల్లో సన్నగా ఉంది, ఒళ్లంతా వెంట్రుకలు. గాలికి వరిచేను ఊగినట్టు ఆ వెంట్రుకల మీద అలలు పోతున్నాయి. ఇది పురుగు కాదు, ఒకే ఒక్క కణం, అంటే ప్రోటోజోవా. పేరు స్యూడోట్రైకోనింఫా. పొడవు 200 మైక్రాన్లకు, అంటే 0.2 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. కడుపులో నలకల్లా కనిపిస్తున్నవి కలప పొడి. ఈ కణం లోపల బాక్టీరియా కాపురం ఉంటుంది. ఈ కణమేమో చెదపురుగు పేగులో తప్ప బయట ఎక్కడా బతకదు. అంటే ఒకదాని కడుపులో ఒకటిగా మూడు జీవులు.

దీన్ని మీ కాలేజీ ల్యాబులో ఉన్న మామూలు మైక్రోస్కోప్‌తోనే చూడొచ్చు. కానీ ఈ ప్రయోగం చేసేవాళ్లలో ఎక్కువమంది మొదటి అడుగులోనే తప్పటడుగు వేస్తారు. పొలం గట్టు మీద పుట్ట తవ్వి, చెదలు తెచ్చి, గంటసేపు వెతికి, ఏమీ లేదని తేల్చేస్తారు. అందులో నిజంగానే ఏమీ ఉండదు. మన పుట్టలు కట్టేవి ఎక్కువగా ఒడోంటోటెర్మిస్ జాతి చెదలు. ఇవి కలప అరిగించే పనిలో చాలా భాగం బూజుకు అప్పగించాయి. పుట్ట లోపల స్పాంజిలాంటి దిమ్మెల మీద ఆ బూజును పెంచుతాయి. వానలు పడ్డాక పుట్ట మీద గొడుగుల్లా లేచేవి దాని కాయలే. పుట్టగొడుగు అనే మాట ఊరికే రాలేదు. బూజు చేతికొచ్చాక ఈ వంశానికి ప్రోటోజోవాతో పని లేకపోయింది, పేగులోంచి అవి మాయమయ్యాయి.

కాబట్టి మనకు కావలసింది పాతకాలపు వంశాల చెదలు. రెండు రకాలు సులువుగా దొరుకుతాయి.

ఒకటి, ఎండు కలప చెదలు, క్రిప్టోటెర్మిస్ జాతి. పాత మంచం కోడు కిందో, తలుపు చట్రం కిందో గసగసాల్లాంటి గుళికలు రాలి ఉంటే అవి వీటి పెంటికలే. భూతద్దం కింద పెడితే ఒక్కో గుళికకు ఆరు పలకలు కనిపిస్తాయి. వీటికి మట్టితో పని లేదు, ఉన్న చెక్కలోనే ఉంటాయి.

రెండోది కోప్టోటెర్మిస్. గోడ మీద మట్టి బాట కట్టుకుని ఇంట్లోకి వస్తుంది, చెట్ల మొదళ్లలోనూ ఉంటుంది. గుర్తుపట్టడానికి సైనిక చెదను చూడాలి. పుల్లతో కదిపితే నుదుటి మీది రంధ్రం నుంచి జిల్లేడు పాలలాంటి తెల్లటి చుక్క వస్తుంది. ఆ చుక్క కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, డబ్బాలో వేసుకోండి. స్యూడోట్రైకోనింఫా కావాలంటే వెతకాల్సింది దీన్నే.

డబ్బాలో తడిపి పిండిన కాగితం, అవి తింటున్న చెక్క ముక్క వేసి చీకట్లో ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. వేడి తగలనివ్వకండి. 1920ల్లో అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే శాస్త్రవేత్త చెదల్ని 24 గంటలు 36 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టాడు. చెదలు బతికాయి, పేగులో ప్రోటోజోవా చచ్చాయి. తర్వాత ఆ చెదలు కలప తింటూనే ఆకలితో చచ్చాయి. మళ్లీ ప్రోటోజోవా ఎక్కిస్తే బతికాయి. కలప అరిగిస్తున్నది ఎవరో అలా తేలింది. ఆయన వాడిన జాతి వేరే, మన జాతులు తట్టుకునే వేడి కొంత అటూ ఇటూ ఉండొచ్చు. అయినా మే నెలలో డబ్బాను కిటికీ దగ్గర పెట్టి మర్చిపోతే మీరు చేసేది క్లీవ్‌లాండ్ ప్రయోగమే.

ఇప్పుడు ద్రావణం. మంచినీళ్లు వాడితే కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి, మీరు ఫోకస్ చేసేలోపే. 0.6 శాతం ఉప్పునీరు కావాలి. తూచే యంత్రం లేకపోతే మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్ తీసుకోండి, అది 0.9 శాతం. 20 మిల్లీలీటర్ల సెలైన్‌లో 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే సరిగ్గా 0.6 అవుతుంది. కలిపాక పది నిమిషాలు మూతపెట్టి మరిగించి, కదపకుండా చల్లార్చండి. మరిగించేది శుభ్రత కోసం కాదు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పోవడానికి. ఈ కణాలకు ఆక్సిజన్ విషం. వీటిలో మనకు తెలిసిన మైటోకాండ్రియా ఉండవు. చాలావాటిలో వాటి స్థానంలో హైడ్రోజనోసోమ్‌లు ఉంటాయి, అవి శక్తి తయారుచేస్తూ హైడ్రోజన్ వదులుతాయి.

స్లైడ్ మీద చిన్న చుక్క చాలు. పెద్ద చుక్క వేస్తే కవర్ స్లిప్ తేలుతుంది, కణాలు పైకీ కిందికీ పోయి ఫోకస్‌కు చిక్కవు. కవర్ స్లిప్ నాలుగు అంచులకూ వాజెలిన్ సన్నగా రాసి ముందే పక్కన పెట్టుకోండి. తర్వాత వెతుక్కునే సమయం ఉండదు.

చెదను ఎంచుకునేటప్పుడు పొట్ట చూడండి. చర్మంలోంచి పేగు ముదురు గోధుమ రంగులో కనపడే శ్రామిక చెద కావాలి. ఎండు కలప చెదల్లో ఈ పని పిల్ల చెదలే చేస్తాయి, వాటినే తీసుకోండి. పాలలా తెల్లగా ఉన్నది వద్దు, అది ఇప్పుడే కుబుసం విడిచినది అయివుండొచ్చు. కుబుసంతో పాటు వెనుక పేగు లోపలి పొర కూడా ఊడిపోతుంది, ప్రోటోజోవా దానితోనే పోతాయి. ఆ తర్వాత అది తోటి చెద మలద్వారం దగ్గర ద్రవం తాగి మళ్లీ నింపుకుంటుంది. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా ఈ కథంతా నడిచేది దీనివల్లే. ప్రోటోజోవా ఒక చెద నుంచి ఇంకో చెదకు, తరం నుంచి తరానికి ఇలా గూటి లోపలే అందుతూ వచ్చాయి. ఆస్తి బయటికి పోకుండా ఇంటివాళ్లకే దక్కినట్టు.

(దగ్గరి షాట్: రెండు ఫోర్సెప్స్)

ఒక ఫోర్సెప్స్‌తో ఛాతీ దగ్గర పట్టుకోండి. రెండోదానితో పొట్ట చివరి ఖండాన్ని మాత్రమే చిటికెలా పట్టి నెమ్మదిగా లాగండి. లటుక్కున లాగితే తెగిపోతుంది. నెమ్మదిగా లాగితే పేగు మొత్తం సేమియా పోగులా బయటికి వస్తుంది. ఒకచోట ఉబ్బి తిత్తిలా కనపడుతుంది చూడండి, అదే వెనుక పేగు సంచి. దాన్ని చుక్కలో పెట్టి సూదితో ఒక్క పోటు పొడవండి. పాలు ఎక్కువైన టీ రంగులో ద్రవం బయటికి వస్తుంది. పేగు ముక్కను తీసేసి కవర్ స్లిప్ బోర్లించి, అంచులు మెల్లగా నొక్కండి. పోటు పొడిచిన దగ్గర్నుంచి ఇదంతా నిమిషంలో అయిపోవాలి.

10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో మొదలుపెట్టండి. కండెన్సర్ కొంచెం దించి డయాఫ్రమ్ సగానికి మూయండి. వెలుగు ఎక్కువైతే ఈ పారదర్శక కణాలు కనపడకుండా పోతాయి. అంతా ముద్దగా, కిక్కిరిసి ఉంటే చుక్క చిక్కగా ఉన్నట్టు. ఇంకో చెదతో, కొంచెం ఎక్కువ ద్రావణంతో మళ్లీ చేయండి. మైక్రోస్కోప్ లేకపోతే కాగితం మడిచి చేసుకునే ఫోల్డ్‌స్కోప్ చాలు. 140 రెట్ల పెంపుకు పెద్ద ప్రోటోజోవా బాగానే కనపడతాయి, బాక్టీరియా మాత్రం కావు.

కోప్టోటెర్మిస్ అయితే మీ ముందు ముఖ్యంగా మూడు రకాలు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది, ముందు కొసకు గాజు టోపీలాంటిది ఉన్నది స్యూడోట్రైకోనింఫా. మధ్య సైజుది, ఒంటి చుట్టూ కశాభాలు (ఈదడానికి వాడే వెంట్రుకలు) మరమేకు గీతల్లా మెలికలు తిరిగి ఉన్నది హోలోమాస్టిగోటాయిడిస్. ఇది ఈదేటప్పుడు తిరుగుతూ పోతుంది. అన్నిటికన్నా చిన్నది కోనోనింఫా, పాత పుస్తకాల్లో దీని పేరు స్పైరోట్రైకోనింఫా. ఎండు కలప చెదలైతే వేరే ముఖాలు: డెవెస్కోవినా, ఫోయినా లాంటివి. ఇవి చిన్నవి, ముందు కొసన కొద్దిపాటి కశాభాలే ఉంటాయి. వీటన్నిటిదీ పారాబసాలియా అనే సమూహం. మనుషులకు లైంగికంగా సోకే ట్రైకోమోనాస్ కూడా ఈ కుటుంబానిదే.

ఇక 40 రెట్ల ఆబ్జెక్టివ్. ఇక్కడ నిదానంగా చూడాలి. ద్రవంలో సన్నటి స్ప్రింగుల్లా మెలికలు తిరుగుతూ పరుగెత్తేవి స్పైరోకీట్ బాక్టీరియా. కొన్ని ప్రోటోజోవా ఒంటికి ఒక కొసతో అతుక్కుని ఊగుతుంటాయి. చూసేవాళ్లు వాటిని కశాభాలని రాసేస్తారు. అలా రాసినందుకు సిగ్గుపడక్కర్లేదు, ఆ పొరపాటు శాస్త్ర చరిత్రకే ఎక్కింది.

ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో మాస్టోటెర్మిస్ డార్వినియెన్సిస్ అనే చెద ఉంది. దాని పేగులోంచి 1933లో జీన్ సదర్లాండ్ ఒక పెద్ద కణాన్ని వర్ణించింది. పొడవు దాదాపు అర మిల్లీమీటరు. ముందు కొసన నాలుగు కశాభాలు, ఒళ్లంతా శైలికలు, అంటే పొట్టి వెంట్రుకలు. ఒకే కణానికి రెండూ ఉండటం వింత కాబట్టి మిక్సోట్రైకా పారడాక్సా అని పేరు పెట్టింది. మిక్సోట్రైకా అంటే కలగలిసిన వెంట్రుకలు. 1964లో క్లీవ్‌లాండ్, గ్రిమ్‌స్టోన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ఆ శైలికలు శైలికలే కావు. ఒక్కొక్కటీ ఒక స్పైరోకీట్. ఒక్క కణం మీద అవి లక్షల్లో ఉంటాయి, 2,50,000 అని అంచనా. అతుక్కోవడానికి కణం ఉపరితలం మీద వరసగా గూటాల్లాంటివి కూడా ఉన్నాయి. కణాన్ని ముందుకు నడిపేది ఈ స్పైరోకీట్లే. సొంత కశాభాలు నాలుగూ చుక్కాని పని చేస్తాయి.

దీన్ని చూపించి, కశాభాలన్నీ ఒకప్పుడు స్పైరోకీట్లేనని అమెరికా జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ వాదించింది. మైటోకాండ్రియా, హరితరేణువులు ఒకప్పటి బాక్టీరియా అన్న మాట నిలబడింది కానీ ఇది నిలబడలేదు. కశాభాన్ని అడ్డంగా కోస్తే చుట్టూ తొమ్మిది జతల సూక్ష్మనాళికలు, మధ్యలో రెండు కనపడతాయి. స్పైరోకీట్‌లో ఆ అమరిక లేనే లేదు. కశాభానికి సొంత డీఎన్ఏ కూడా లేదు.

మరి మీ స్లైడ్ మీద తేడా తెలిసేదెలా? మూడు గుర్తులు చూడండి. కశాభాలు వరసల్లో ఉంటాయి, దెబ్బ మొదలు నుంచి కొసకు అలలా పోతుంది. అతుక్కున్న స్పైరోకీట్ ఒక్కోసారి ఊడి తన దారిన పోతుంది, కశాభం అలా పోదు. మూడో గుర్తుకు ఓపిక కావాలి. పదిహేను ఇరవై నిమిషాలు ఆగండి. ఎంత వాజెలిన్ రాసినా ఆక్సిజన్ కొంత చేరుతుంది, ప్రోటోజోవా మందగించి ఉండలా ముడుచుకుంటాయి. కణం చచ్చి కశాభాలు ఆగాక కూడా ఒంటి మీద ఏవో కదులుతుంటే చాలాసార్లు అవి బాక్టీరియానే. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి పెట్టుకుంటే తర్వాత తీరిగ్గా పోల్చుకోవచ్చు.

డెవెస్కోవినా దొరికినవాళ్లు ఒంటి మీద సన్నటి చారలు కనపడతాయేమో చూడండి. అవి కణం చర్మం మీద ముడతలు కావు, వరసగా అంటుకున్న కడ్డీ ఆకారపు బాక్టీరియా. వీటి బంధువు కడూసియా అమెరికాలోని ఎండు కలప చెదల్లో ఉంటుంది. దాని సంగతి 1982లో సిడ్నీ టామ్ తేల్చాడు. దాని ఒంటి మీది కడ్డీ బాక్టీరియాకు ఉన్న కశాభాలన్నీ కలిసి కొట్టుకుని మొత్తం కణాన్ని నెడతాయి. స్పైరోకీట్లు కాదు, వేరే రకం బాక్టీరియా, అదే నౌకరీ. ఒంటి మీద బాక్టీరియాను పెట్టుకుని వాటితో నడిపించుకోవడం ఈ పేగుల్లో వేరువేరుగా, ఒకటికి మించిసార్లు పుట్టింది.

కణం లోపలి బాక్టీరియా సజీవ స్లైడ్ మీద తెలియవు. రంగు వేయాలి. ద్రవాన్ని పలచగా పూసి, పూర్తిగా ఆరేలోపు మిథనాల్ పోసి రెండు మూడు నిమిషాలు ఉంచండి. పూర్తిగా ఆరనిస్తే పెద్ద కణాలు చితికిపోతాయి. తర్వాత మలేరియా స్లైడ్లకు వాడే జీమ్సానే ఒకటికి ఇరవై పాళ్లు పలచన చేసి అరగంట ఉంచండి. కేంద్రకం ఊదా ఎరుపుగా, కణద్రవ్యం నీలంగా వస్తుంది, అందులో నూగులాంటి చుక్కలు కనపడతాయి. ఆ చుక్కలన్నీ బాక్టీరియా అని మాత్రం రాయకండి, కలప పొడి కూడా అలాగే కనపడుతుంది. కచ్చితంగా చెప్పాలంటే డీఎన్ఏకు అంటే ఫ్లోరసెంట్ రంగు, దానికి తగిన మైక్రోస్కోప్ కావాలి.

ఆ చుక్కలు చేసే పని మాత్రం చిన్నది కాదు. కలపలో పిండి పదార్థం దండిగా ఉంటుంది, నత్రజని దాదాపు ఉండదు. కోప్టోటెర్మిస్ ఫార్మోసానస్ అనే చెదలో ఒక్కో స్యూడోట్రైకోనింఫా కణం లోపల దాదాపు లక్ష బాక్టీరియా ఉంటాయి. ఆ పేగులోని మొత్తం బాక్టీరియాలో దాదాపు 70 శాతం ఈ ఒక్క రకమే. 2008లో జపాన్ శాస్త్రవేత్తలు దాని జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ చదివారు. దాదాపు 11 లక్షల అక్షరాలు. మన పేగులోని ఈ.కోలైకి 46 లక్షలు. అంత కుదించుకుపోయినా గాలిలోని నత్రజనిని పట్టే జన్యువులు, అమైనో ఆమ్లాలు తయారుచేసే జన్యువులు మిగిలే ఉన్నాయి. బయట బతకడానికి కావలసినవి పోయాయి, యజమానికి కావలసినవి నిలిచాయి. చెద, స్యూడోట్రైకోనింఫా, ఈ బాక్టీరియా మూడింటి వంశవృక్షాలు గీసి పక్కపక్కన పెడితే కొమ్మలు చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి. మలద్వారం దగ్గర తాగిన ఆ ద్రవం గుర్తుందా? కొమ్మలు కలవడానికి కారణం అదే. చెద జాతి రెండుగా చీలినప్పుడల్లా లోపలివీ వాటితో పాటే చీలాయి.

పని అయ్యాక స్లైడ్లను బ్లీచింగ్ నీళ్లలో వేయండి. మిథనాల్‌ను మంటకు దూరంగా, గాలి ఆడే చోట వాడండి. ఇంకొక్క మాట. పేగు తీసిన చెదను పారేసినా ఫర్వాలేదు కానీ అదే గూటి సైనిక చెదలు రెండు మూడింటిని 80 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, తేదీ, ఊరు, ఏ చెక్కలో దొరికిందో పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే పెట్టండి. పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. చెద జాతిని నిర్ధారించడానికి సైనిక చెద తల, దవడలు చూస్తారు. ఆ సీసా లేకపోతే మీరు తీసిన వీడియోలోని కణం ఏ చెదదో తర్వాత ఎవరూ చెప్పలేరు.