పొటాషియం లొంగుతుంది, రాగి లొంగదు: ఎందుకు?

అందరికీ నమస్కారం.

పొటాషియం, రాగి, ఈ రెండింటికీ బయటి కక్ష్యలో ఉన్నది ఒక్కటే ఎలక్ట్రాన్, అదీ 4ఎస్ అనే కక్ష్యలోనే. కానీ బల్క్ మాడ్యులస్, అంటే నొక్కుడుకు పదార్థం ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత, చూడండి: పొటాషియంది సుమారు 3 గిగాపాస్కల్స్ (ఇది ఒత్తిడిని కొలిచే ప్రమాణం), రాగిది 140. అంటే కాస్త నొక్కితే చాలు, పొటాషియం రాగికన్నా 45 రెట్లకు పైగా కుదించుకుపోతుంది.

పొటాషియంలో పక్కపక్క కేంద్రకాల మధ్య దూరం దాదాపు 4.6 ఆంగ్‌స్ట్రామ్‌లు. లోపలి కక్ష్యలు ఒకదానికొకటి తగలవు. మధ్యనున్న చోటంతా ఆ బయటి ఎలక్ట్రాన్లదే. కాబట్టి మనం నొక్కేది ప్రధానంగా వాటినే. పౌలీ నియమం వాటిని ఒకే స్థితిలో కుక్కనివ్వదు. అందుకే చోటు తగ్గేకొద్దీ వాటి గతిశక్తి పెరిగి ఎదురు తోస్తాయి. ఎలక్ట్రాన్లు లోహమంతటా స్వేచ్ఛగా తిరుగుతాయనుకునే స్వేచ్ఛా ఎలక్ట్రాన్ నమూనాతో బల్క్ మాడ్యులస్ లెక్కేస్తే 3.2 గిగాపాస్కల్స్ వస్తుంది. అయాన్ల ఆకర్షణను లెక్కలోకే తీసుకోని నమూనా ఇంత దగ్గరికి రావడంలో కొంత కాకతాళీయం ఉంది. అయినా, అసలు బలం ఎక్కడుందో అది సరిగ్గానే పట్టుకుంది.

అదే లెక్క రాగికి 64 దగ్గర ఆగిపోతుంది. రాగిలో దూరం 2.56 ఆంగ్‌స్ట్రామ్‌లే. ఎలక్ట్రాన్లతో నిండిన, 3డి అనే లోపలి కక్ష్యలు పక్కవాటిని ఒరుసుకుంటూ ఉంటాయి. మిగతా బిగువులో పెద్ద వాటా వాటిదే.

ఒక హెచ్చరిక. బల్క్ మాడ్యులస్ అంటే నొక్కడం మొదలుపెట్టినప్పటి విలువ. సీసియంకు అది 2 లోపే. దాన్నే పట్టుకుని 1 గిగాపాస్కల్ దగ్గర ఘనపరిమాణం సగానికి పైగా తగ్గాలని లెక్కేస్తే తప్పు. నిజంగా తగ్గేది పావు వంతు. నలిగేకొద్దీ పదార్థం బిగుసుకుంటుంది.

ఇక కొలత. లోహపు ముక్కను రెండు వజ్రపు మొనల మధ్య పెట్టి నొక్కుతారు. అక్కడి ఒత్తిడిని చెప్పేది పక్కనే ఉంచిన చిన్న రూబీ ముక్క. 694.2 నానోమీటర్ల దగ్గరున్న దాని కాంతి రేఖ గిగాపాస్కల్‌కు సుమారు 0.365 నానోమీటర్లు జరుగుతుంది. లేజర్ వేడికి రూబీ ఐదారు డిగ్రీలు వేడెక్కినా రేఖ అటే జరిగి 0.1 గిగాపాస్కల్ ఎక్కువ చూపిస్తుంది. రాగి ఘనపరిమాణంలో ఆ పొరపాటు విలువ 0.07 శాతం, పట్టించుకోనక్కర్లేదు. పొటాషియంలో అది 3 శాతం, కొలత మొత్తం పాడైనట్టే.

ఒత్తిడి అన్ని వైపులా సమంగా పడేందుకు లోహపు ముక్క చుట్టూ సాధారణంగా పోసే మిథనాల్, ఇథనాల్ మిశ్రమం పొటాషియంకు పనికిరాదు, ఆ రెండూ దానితో చర్య జరుపుతాయి. ఆర్గాన్ నింపిన పెట్టెలో, ద్రవం లేకుండానే అమర్చాలి. దాని మెత్తదనమే ఇక్కడ అక్కరకొస్తుంది: ఒత్తిడిని అన్ని వైపులా చాలావరకు సమంగా పంచుతుంది.