వైండింగ్ విప్పితే కారణం కనబడుతుంది

మాస్టారు: శ్రోతలకు నమస్కారం. విజయనగరం నుంచి లెక్కలు చెప్పే నేనూ, కాలిన మోటార్లను రీవైండింగ్ చేసే మేస్త్రీ మళ్ళీ మీ ముందుకు వచ్చాం. మాట ఇచ్చిన ప్రకారం ఈరోజు స్టార్-డెల్టా స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలేను, అంటే కరెంటు మించితే మోటారును ఆపేదాన్ని, ఎంతకు అమర్చాలో చెప్పుకుందాం. మోటారులోని మూడు వైండింగ్‌లను ముందు స్టార్‌గా, అంటే ఒక్కో కొసను ఒకచోట కలిపి మొదలుపెట్టి, తర్వాత డెల్టాగా, అంటే త్రికోణంలా కలిపి నడిపేదే ఈ స్టార్టర్. రిలే సరఫరా లైనులో ఉంటే మోటారు పూర్తి లోడు కరెంటుకు అమర్చాలి. మెయిన్ కాంటాక్టరు (కరెంటును కలిపి, తెంచే స్విచ్చు) తర్వాత వైండింగ్‌కు వెళ్ళే తీగల్లో ఉంటే ఆ కరెంటును 0.58తో గుణించి అమర్చాలి. 14 ఆంపియర్ల మోటారుకు అది 8.1 ఆంపియర్లు అవుతుంది.

మేస్త్రి: ఆ 14 ఎక్కడిదో ముందు చెప్పండి మాస్టారూ. నేమ్‌ప్లేటు చూసి రాసుకున్నదా, హార్స్‌పవర్‌ను బట్టి అంచనా వేసినదా?

మాస్టారు: నేమ్‌ప్లేటు మీదిదే.

మేస్త్రి: అయితే సరే. రంగు వేసేటప్పుడు నేమ్‌ప్లేటు మీద కూడా వేసేస్తున్నారు, అందుకే అడిగాను. కానీ మీరు ఎంత లెక్క చెప్పినా, నా బల్ల మీదకు వచ్చే లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం) మోటార్లలో ఎక్కువ భాగం ఒక ఫేజు పోయి కాలినవే. విప్పగానే తెలిసిపోతుంది. లోడు ఎక్కువై కాలితే మూడు ఫేజుల కాయిళ్ళూ ఒకేలా నల్లబడతాయి. ఫేజు పోతే స్టార్ మోటారులో రెండు ఫేజులు మాడి ఒకటి శుభ్రంగా ఉంటుంది. డెల్టాలో ఒకటి మాడి రెండు శుభ్రంగా ఉంటాయి.





మాస్టారు: సరే. డెల్టాలో ఒకటే ఎందుకు మాడుతుందో చెబుతాను. ఒక లైను తెగితే, మిగిలిన రెండు లైన్ల మధ్య నేరుగా ఉన్న వైండింగ్ మూడింట రెండు వంతుల కరెంటును మోస్తుంది, వరుసగా కలిసిపోయిన మిగతా రెండింటిలోనూ ఆ మిగిలిన ఒక వంతే పారుతుంది. లైనులో 14 ఆంపియర్లే ఉన్నప్పటికీ మామూలుగా 8.1 పారాల్సిన ఆ ఒక్క వైండింగ్‌లో 9.3 ఆంపియర్లు పారతాయి, అంటే వేడి మూడో వంతు పెరుగుతుంది. లైనులో కూర్చున్న మామూలు రిలేకు మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రిలేను వైండింగ్ తీగల్లో పెట్టమనేది అందుకే.

మేస్త్రి: అందుకే నేను ప్రతివారికీ ప్రివెంటర్, అంటే ఫేజు పోతే మోటారును ఆపే పరికరం, పెట్టుకోమంటాను. అదీ కరెంటును చూసేదే పెట్టాలి, వోల్టేజీని చూసేది పనికిరాదు.

మాస్టారు: పనికిరాదనడం అన్యాయం. స్తంభం దగ్గర పని చేసి ఫేజులు తారుమారుగా కలిపితే, లేత్ వెనక్కి తిరిగి, మరచుట్లతో బిగించిన చక్ (పని ముక్కను పట్టుకునే భాగం) ఊడివచ్చే ప్రమాదాన్ని ఆపేది వోల్టేజీ ప్రివెంటరే. ఒక ఫేజు లేకుండా మోటారును మొదలుకానివ్వనిది కూడా అదే.

మేస్త్రి: మొదలుపెట్టేటప్పుడు మంచిదేనండి, కాదనను. తిరుగుతున్న మోటారు సంగతి వేరు. తక్కువ లోడుతో తిరిగే మోటారు పోయిన ఫేజులో కూడా దాదాపు పూర్తి వోల్టేజీని తానే పుట్టిస్తుంది, దాన్ని చూసి ప్రివెంటర్ మూడూ ఉన్నాయనుకుంటుంది. లేత్ రోజులో ఎక్కువసేపు తక్కువ లోడుతోనే కదా తిరుగుతుంది! పైగా కాంటాక్టరు లోపలి పాయింటు ఒకటి కాలిపోతే, దానికి ముందున్న వోల్టేజీ రిలేకు ఆ సంగతే తెలియదు.

మాస్టారు: ఆ మాట నిజం. రెండు పనులకు రెండూ ఉండాలంటాను నేను.

మేస్త్రి: ఒక్కదానికే డబ్బు ఉన్న షాపువాడికి ఏం చెబుతారు?

మాస్టారు: మూడు తీగల కరెంటునూ చూసేదాన్ని కొనమంటాను. వేడికి వంగే లోహపు పట్టీతో పనిచేసే కొత్త బైమెటల్ రిలేలలో ఫేజు పోయినప్పుడు త్వరగా ట్రిప్ చేసే, అంటే మోటారును ఆపేసే, ఏర్పాటు లోపలే ఉంటున్నది, కొనేటప్పుడు అడిగి తీసుకోవాలి.

మేస్త్రి: నెల్లిమర్ల దారిలో ఒకే ఒక లేత్ మీద బతికే కుర్రాడు మొన్న మోటారును ఆటోలో వేసుకొచ్చాడు. ఎంసీబీ ఉంది కదా, ఎందుకు కాలిందని అడుగుతాడు. మోటారు మొదలయ్యేటప్పుడు ఆరేడు రెట్ల కరెంటు తీసుకుంటుంది కాబట్టి దాన్ని తట్టుకునే పెద్ద ఎంసీబీ పెట్టారనీ, అది కేబుల్‌ను కాపాడేదే తప్ప వైండింగ్‌ను కాదనీ ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. రీవైండింగ్ అయ్యేదాకా వాడికి కూలి లేదు. నాకు పని దొరికిందన్న సంతోషం కలగలేదు మాస్టారూ.

మాస్టారు: వాళ్ళకోసమే కదా మనం మాట్లాడుతున్నది. రిలే తరచుగా ట్రిప్ అవుతోందని దాని డయల్‌ను పైకి తిప్పేవాళ్ళు కూడా ఇది వినాలి. ఇన్సులేషన్ 10 డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని ఆయువు సుమారు సగానికి తగ్గుతుందని మోటార్ల రంగంలో చాలాకాలంగా చెప్పుకునే లెక్క. ట్రిప్ అయితే ముందు మూడు ఫేజుల కరెంటునూ క్లాంప్ మీటరుతో కొలిచి, ఫ్యాన్ కవరులో పేరుకున్న పోత ఇనుప పొడిని దులిపి, బేరింగ్ పట్టేసిందేమో చూడాలి.

మేస్త్రి: కొలిచిన కరెంటును దేనితో పోల్చుతారు?

మాస్టారు: నేమ్‌ప్లేటుతోనే.

మేస్త్రి: అదీ! పలాస నుంచి ఒక శ్రోత 10 హార్స్‌పవర్ల మోటారుకు రిలే ఎంతకు పెట్టాలని అడిగారు. నేమ్‌ప్లేటు మీద ఆంపియర్లు ఎంతని రాసి ఉందో, రిలే ఏ తీగల్లో ఉందో ఫొటో తీసి పంపమనండి.

మాస్టారు: స్టార్టర్ మూత తీసే ముందు మెయిన్ ఆపమని కూడా చెప్పండి.

మేస్త్రి: ఆపి, టెస్టరుతో చూసుకున్నాకే తీయాలి. ఆ ఫొటో వచ్చాక లెక్క వేద్దాం.