ఎరుపు మనకేమీ బాకీ లేదు

యాంకర్: నమస్కారం. గోవా వెళ్లొచ్చినవాళ్లు బీచ్ సంగతులు చెబుతారు, మాండవి నదిలో కాసినో ఓడెక్కిన సంగతీ చెబుతారు. ఎంత పోయిందో మాత్రం చెప్పరు! ఈరోజు మనతో ఒక స్టాటిస్టిక్స్ మాస్టారు, ఆ ఓడలు మానేసిన ఒక వ్యాపారి ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు. అన్నా, మీరే మొదలుపెట్టండి.

వ్యాపారి: రూలెట్ అంటే ఎరుపు, నలుపు గళ్లున్న చక్రం తిప్పి, గోలీ ఏ గడిలో పడుతుందో కాసే ఆటండీ. ఆ టేబుల్ పక్కన బోర్డు ఉంటుంది. అంతకుముందు పడ్డ నంబర్లన్నీ వెలుగుతుంటాయి. అవి సిగరెట్ పెట్టె వెనక రాసుకునేవాణ్ని. వరసగా ఐదు నలుపులు పడితే, ఇక ఎరుపు రాక చస్తుందా అని కాసేవాణ్ని.

మాస్టారు: 1913 ఆగస్టు 18న మొనాకో దేశంలోని మోంటే కార్లో కాసినోలోనూ అదే అనుకున్నారు. నలుపు వరసగా 26 సార్లు పడింది. జనం ఎరుపు మీద ఎగబడి లక్షల ఫ్రాంకులు పోగొట్టుకున్నారు.

యాంకర్: అన్ని నలుపులయ్యాక ఎరుపుకి అవకాశం పెరగదా మాస్టారూ?

మాస్టారు: ఆట మొదలవకముందు అడిగితే 27 నలుపులు మహా అరుదే. 26 పడిపోయాక ఇంకేముంది? మిగిలింది ఒక్క తిప్పే. గోలీకి పాత లెక్కలు తెలియవు. యూరప్ చక్రంలో 37 గళ్లు. 18 ఎరుపు, 18 నలుపు, ఒక ఆకుపచ్చ సున్నా. ఒక నంబరు మీద వంద కాసి గెలిస్తే లాభం 3,500 ఇస్తారు. న్యాయంగా 3,600 రావాలి. ఆ వందతోనే కాసినో బతుకుతుంది. కాసిన సొమ్ములో 2.7 శాతం. అమెరికాలో రెండు సున్నాలు, అక్కడ 5.26.

యాంకర్: జీఎస్టీ కంటే నయమే!

వ్యాపారి: (నవ్వుతూ) ఒక్కసారి కాస్తే నయమే. గెలిచిందే మళ్లీ మళ్లీ పెడతాం కదండీ, ప్రతిసారీ కోతే. పైగా నేను పోయినప్పుడల్లా డబుల్ కట్టేవాణ్ని.

మాస్టారు: ఎరుపు మీద వందతో మొదలెట్టి ఏడుసార్లు వరసగా పోతే 12,700 హుష్. ఎనిమిదోసారి 12,800 పెట్టాలి. అది గెలిస్తే మొత్తం మీద మిగిలే లాభమెంత? వంద!

యాంకర్: వరసగా ఏడుసార్లు పోవడం ఎక్కడైనా జరుగుతుందా?

మాస్టారు: అలా వందసార్లు మొదలుపెడితే ఇంచుమించు ఒకసారి.

వ్యాపారి: నాకు రెండో రాత్రే జరిగింది. ఎనిమిదో పందెం కడదామంటే, టేబుల్ లిమిట్ దాటిందన్నారు.

యాంకర్: మరి అదృష్టమనేదే లేదా?

మాస్టారు: ఒక రాత్రికి ఉంది. కొందరు గెలవాలి కూడా. లేకపోతే రేపు ఓడెక్కేదెవరు?

యాంకర్: ఇంతకీ అన్నా, ఆ నంబర్ల బోర్డు పెట్టిందెవరు?

వ్యాపారి: కాసినోవాళ్లే. ఎందుకు పెట్టారా అని అప్పుడు నాకు తట్టలేదండీ.