79కీ 80కీ మధ్య ఏముంది?

ఆకాశం నుంచి ఒక రాయి పడింది. కోసి చూస్తే, భూమి మీద ఎక్కడా లేని కొత్త లోహం బయటపడింది. శాస్త్రవేత్తలకే అంతుపట్టడం లేదట! ఇలాంటి థంబ్‌నెయిల్ మీరు ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. ఇక సూపర్ హీరో సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు. హీరో కవచం దగ్గర్నుంచి విలన్ బాంబు దాకా అన్నీ ఏదో ఒక 'కొత్త మూలకం'తోనే తయారవుతాయి.

కెమిస్ట్రీ తెలిసినవాళ్లని అడిగి చూడండి. రాయి మొహం కూడా చూడకుండా, "అందులో కొత్త మూలకం ఉండదు" అనేస్తారు. వినడానికి కాస్త పొగరుగానే ఉంటుంది. చూడకుండా ఎలా చెబుతారండీ? ఆ ధీమా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ వీడియో. నమస్కారం, మొదలుపెడదాం.

ముందుగా ఒక తేడా గుర్తుపెట్టుకోండి. కొత్త ఖనిజం వేరు, కొత్త మూలకం వేరు. సోమాలియాలో దొరికిన ఎల్ అలీ అనే ఉల్కలో, అప్పటిదాకా ప్రకృతిలో ఎక్కడా కనిపించని ఖనిజాలు ఉన్నాయని 2022లో ప్రకటించారు. ఎలాలియైట్, ఎల్కిన్స్‌టాంటనైట్ అని వాటికి పేర్లు కూడా పెట్టారు. అది నిజంగా పెద్ద వార్తే. కానీ ఆ ఖనిజాల్లో ఉన్నది ఇనుము, ఫాస్ఫరస్, ఆక్సిజన్. మూడూ మనకి పాత చుట్టాలే. కూర్పు కొత్తది, సరుకు పాతది. థంబ్‌నెయిల్ చేసేవాళ్లకి ఇంత ఓపిక ఎక్కడుంటుంది!

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 19వ శతాబ్దంలో ఎవరైనా "ఆకాశంలో కొత్త మూలకం" అంటే ఇంత తేలిగ్గా కొట్టిపారేయడం కుదిరేది కాదు. ఎందుకంటే ఒకసారి అది నిజమైంది కూడా.

ఏ మూలకాన్నైనా ఆవిరిగా మార్చి బాగా వేడిచేస్తే, దాన్నుంచి వచ్చే కాంతిలో దానికి మాత్రమే సొంతమైన కొన్ని రంగు గీతలు కనిపిస్తాయి. 1868లో సూర్యుడి కాంతిలో ఒక పసుపు గీత కనిపించింది. అది తెలిసిన ఏ మూలకం గీతతోనూ కలవలేదు. ఇంగ్లండ్‌కు చెందిన నార్మన్ లాక్యర్, ఇది సూర్యుడిలో ఉన్న కొత్త మూలకం అన్నాడు. హీలియం అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే గీత చూశాడు. అంటే లాక్యర్ మాటే నెగ్గింది.

ఇదే ఊపులో ఇంకో రెండు మూలకాలు చేరాయి. నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు మేఘాల) కాంతిలో కనిపించిన ఆకుపచ్చ గీతలకి నెబ్యులియం అని, సంపూర్ణ సూర్యగ్రహణం వేళ కరోనాలో, అంటే సూర్యుడి చుట్టూ ఉండే వాయు పొరలో, 1869లో కనిపించిన ఆకుపచ్చ గీతకి కొరోనియం అని పేర్లు పెట్టారు. మూలకాలన్నిటినీ వరసగా పేర్చిన ఆవర్తన పట్టిక వేసిన మెండలీవ్ అంతటివాడే, కొరోనియం హైడ్రోజన్ కంటే తేలికైన మూలకం అయి ఉంటుందని తన చివరి రోజుల్లో దానికి ఒక చోటు చూపించాడు.

మీరు స్కూల్లో పట్టికలో నెబ్యులియం, కొరోనియం చదివారా? లేదు కదా. ఎందుకు లేవో తరవాత చెబుతాను. అప్పట్లో మాత్రం వాటిని కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. కారణం, అప్పటి లెక్కలో మూలకానికి గుర్తు దాని పరమాణువు బరువు.

19వ శతాబ్దం మొదట్లో జాన్ డాల్టన్ చెప్పిన మాట అది. ఒక్కో మూలకం పరమాణువుకి ఒక్కో బరువు. 1869లో మెండలీవ్ అప్పటికి తెలిసిన అరవై పైచిలుకు మూలకాలను ఆ బరువుల వరసలోనే పేర్చాడు. పేర్చుతూ పోతే గుణాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని గమనించాడు. ఖాళీలు వదిలి, అక్కడ రాబోయేవాటి గుణాలు కూడా ముందే రాశాడు. ఈ జోస్యాల్లో నాకు బాగా నచ్చేది గాలియం కథ. 1875లో ఫ్రాన్స్‌లో లెకోక్ ద బోయిస్‌బోద్రాన్ గాలియాన్ని కనుక్కుని, దాని సాంద్రత 4.7 అని ప్రకటించాడు. మెండలీవ్, ఆ లోహాన్ని ఎప్పుడూ చూడకుండానే, 'అది 5.9 దగ్గర ఉండాలి, మళ్లీ కొలవండి' అన్నాడు. లోహాన్ని ఇంకా శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది!

ఇంత గొప్ప పట్టికలోనూ ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. టెల్లూరియం బరువు 127.6, అయోడిన్ బరువు 126.9. బరువు ప్రకారం అయోడిన్ ముందు రావాలి. కానీ గుణాలు చూస్తే అయోడిన్ కచ్చితంగా క్లోరిన్, బ్రోమిన్ కిందే ఉండాలి. మెండలీవ్ గుణాలనే నమ్మి, టెల్లూరియం బరువు ఎవరో తప్పుగా కొలిచారని అనుకున్నాడు. ఎన్నిసార్లు కొలిచినా అంతే వచ్చింది. తర్వాత ఆర్గాన్ దొరికింది, బరువు 39.95. దాని పక్కనుండే పొటాషియం 39.1. మళ్లీ అదే తంటా. కోబాల్ట్, నికెల్ దగ్గరా అంతే.

దీనికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది, దాన్ని పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. బరువుల మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒకచోట ఒకటి పెరుగుతుంది, ఇంకోచోట మూడు, మరోచోట నాలుగు. హైడ్రోజన్ 1, హీలియం 4. మధ్యలో 2, 3 బరువున్న మూలకాలు లేవని ఎవరు చెప్పగలరు? బరువే గుర్తు అయితే, ఏ రెండు మూలకాల మధ్యనైనా ఇంకొకటి దూర్చే సందు ఉన్నట్టే. అందుకే నెబ్యులియం లాంటివి దర్జాగా బతికాయి.

ఇప్పుడు పరమాణువు లోపలికి వెళ్దాం. 1909లో మాంచెస్టర్‌లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న గైగర్, మార్స్‌డెన్ పల్చటి లోహపు రేకు మీదికి ఆల్ఫా కణాలను (రేడియోధార్మిక పదార్థాల నుంచి వేగంగా వచ్చే కణాలను) వదిలారు. దాదాపు అన్నీ సూటిగా దూసుకుపోయాయి. కొన్ని వేలల్లో ఒకటి మాత్రం వెనక్కి తిరిగొచ్చింది. దాన్నిబట్టి 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చిందేమిటంటే, పరమాణువు బరువంతా దాదాపుగా నడిమధ్య ఉన్న అతి చిన్న కేంద్రకంలో ఉంది, దానికి విద్యుదావేశం ఉంది. ఎంత చిన్నది? పరమాణువు వెడల్పు మిల్లీమీటరులో సుమారు కోటో వంతు అనుకుంటే, కేంద్రకం వెడల్పు అందులో పదివేలో వంతుకు కూడా చాలదు.

కేంద్రకంలో ఆవేశం ఎంత అనేది తర్వాతి ప్రశ్న. అదే ఏడాది వాన్ డెన్ బ్రూక్ అనే డచ్చి లాయరు ఒక ఊహ చెప్పాడు. అవును, లాయరే, ఫిజిక్స్ ఆయనకి సరదా! పట్టికలో మూలకం ఎన్నో చోట ఉందో, దాని కేంద్రకంలో ఆవేశం అంతే అయి ఉంటుందన్నాడు. వినడానికి బాగుంది, రుజువేదీ?

ఆ రుజువు తెచ్చినవాడు హెన్రీ మోస్లీ. అప్పటికి పాతికేళ్ల కుర్రాడు. ఒక లోహాన్ని ఎలక్ట్రాన్లతో బాదితే, దాన్నుంచి ఎక్స్ కిరణాలు వస్తాయి. బాదినప్పుడు కేంద్రకానికి బాగా దగ్గరగా ఉన్న ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోకి పైనుంచి ఇంకో ఎలక్ట్రాన్ దిగుతుంది. దిగేటప్పుడు వదిలే శక్తే ఆ ఎక్స్ కిరణం. కేంద్రకం ఎంత బలంగా లాగితే ఆ శక్తి అంత ఎక్కువ. అంటే ఆ కిరణాన్ని కొలిస్తే కేంద్రకంలోని ఆవేశాన్ని కొలిచినట్టే.

మోస్లీ 1913లో కాల్షియం నుంచి జింక్ దాకా దాదాపు ప్రతి మూలకాన్నీ పెట్టి కొలిచాడు. ఎక్స్ కిరణాల పౌనఃపున్యానికి (సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తాయో ఆ సంఖ్యకి) వర్గమూలం తీస్తే, పక్క మూలకానికి వెళ్లినప్పుడల్లా అది సమానంగా పెరిగింది. మెట్లు ఎక్కినట్టు, ఒక్కో మూలకానికి ఒక్కో మెట్టు, అన్ని మెట్లూ ఒకే ఎత్తు. బరువుల్లో కనిపించిన గందరగోళం ఇందులో లేదు. కోబాల్ట్ 27వ మెట్టు, నికెల్ 28వ మెట్టు. బరువు ఏం చెప్పినా సరే, మెండలీవ్ గుణాలను నమ్మడమే సరైనదని తేలిపోయింది.

మరుసటి ఏడాది ఇంకా బరువైన మూలకాల దాకా వెళ్లి, 43, 61, 75 మెట్ల మీద ఎవరూ లేరని కూడా చెప్పాడు. ఇప్పుడు మనం ఆవేశం అంటున్నదాన్ని మోసేది ప్రోటాన్లు. ఆ పేరు 1920లో వచ్చింది. బంగారం అంటే 79 ప్రోటాన్లు, పాదరసం అంటే 80. ప్రోటాన్‌లో సగం ఉండదు కాబట్టి, 79కీ 80కీ మధ్య ఏమీ లేదు, ఉండదు కూడా. నా ఉద్దేశంలో కెమిస్ట్రీ చరిత్రలో మెండలీవ్ పట్టిక ఎంత పెద్దదో ఇదీ అంత పెద్దది. కానీ మోస్లీ పేరు వినేవాళ్లు తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, 1915 ఆగస్టులో గల్లిపోలిలో చనిపోయాడు. 27 ఏళ్లు.

మరి బరువు ఎందుకు తికమక పెట్టింది? కేంద్రకంలో ప్రోటాన్లతోపాటు ఆవేశం లేని న్యూట్రాన్లు కూడా ఉంటాయి. 1932లో చాడ్విక్ వాటిని కనుక్కున్నాడు. న్యూట్రాన్లు హెచ్చుతగ్గులైతే బరువు మారుతుంది, మూలకం మారదు. అలా ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న రకాలనే ఐసోటోపులు అంటారు. క్లోరిన్ పరమాణువుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు 35 బరువువి, మిగతావి 37వి. సగటు తీస్తే 35.45. టెల్లూరియంలో బరువైన ఐసోటోపులు ఎక్కువ, అంతే విషయం.

ఒక్క ప్రోటాన్ తేడా ఎంత పని చేస్తుందో చూడాలంటే 17, 18, 19 తీసుకోండి. 17 క్లోరిన్, ఊపిరితిత్తుల్ని కాల్చేసే విషవాయువు. 18 ఆర్గాన్, దేంతోనూ కలవని బద్ధకపు వాయువు. 19 పొటాషియం, నీళ్లలో వేస్తే మంట లేచే లోహం. ప్రోటాన్లు ఎన్నో ఎలక్ట్రాన్లూ అన్నే. 18 ఎలక్ట్రాన్లకి అమరిక చక్కగా కుదురుతుంది. క్లోరిన్‌కి ఒకటి తక్కువ, ఎక్కడ దొరికినా లాక్కుంటుంది. పొటాషియానికి ఒకటి ఎక్కువ, వదిలించుకోవడానికి చూస్తుంది. రసాయన స్వభావం అంతా ఆ బయటి ఎలక్ట్రాన్లది, వాటి సంఖ్యని నిర్ణయించేది కేంద్రకం.

ఇప్పుడు నెబ్యులియం సంగతి. 1927లో ఐరా బోవెన్ ఆ ఆకుపచ్చ గీతలు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌వని తేల్చాడు. కొరోనియం ఏమో 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము! అలా 13 ఎలక్ట్రాన్లు ఊడిపోవాలంటే కరోనా వేడి పది లక్షల డిగ్రీల పైన ఉండాలి. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీల దగ్గర ఉంటే, దాని పైనున్న కరోనా అంత వేడిగా ఎందుకుందన్న ప్రశ్న అక్కడ పుట్టింది. లేని మూలకాన్ని తీసేస్తే ఇంకా ఆసక్తికరమైన సంగతి బయటపడింది.

మోస్లీ చూపించిన ఖాళీలు కూడా నిండాయి. 75 రీనియం, 1925లో. 43 టెక్నీషియం, 1937లో ఇటలీలోని పలెర్మోలో, కణాల్ని వేగంగా తిప్పే యంత్రమైన సైక్లోట్రాన్‌లో వాడిన మాలిబ్డినం రేకులో దొరికింది. 61 ప్రొమీథియం, 1945లో. టెక్నీషియం ఎంత వెతికినా గనుల్లో దొరకకపోవడానికి కారణం, దాని ఐసోటోపులన్నీ క్షీణించిపోయేవే. ఎక్కువకాలం ఉండేదాని అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) కూడా 42 లక్షల ఏళ్లే, భూమి వయసు 450 కోట్ల ఏళ్లు. 1952లో పాల్ మెర్రిల్ కొన్ని ఎర్రటి ముసలి నక్షత్రాల కాంతిలో దీని గీతలు చూశాడు. అంత తొందరగా పోయేది అక్కడ ఉందంటే, ఆ నక్షత్రాలు దాన్ని అప్పటికప్పుడు తయారుచేస్తున్నాయన్నమాట.

ఇంతకీ, సీసాన్ని బంగారం చేయవచ్చా? కామెంట్లలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇది. సీసం 82, బంగారం 79, మూడు ప్రోటాన్లు తీసేస్తే చాలు. రసవాదులు కొలిమిలో ఎంత కాల్చినా కేంద్రకాన్ని తాకలేకపోయారు, మంటకి అందేది బయటి ఎలక్ట్రాన్లే. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధనా సంస్థ సెర్న్‌లో సీసం కేంద్రకాలను కాంతి వేగానికి దగ్గరగా ఎదురెదురుగా పంపినప్పుడు, ఒకదాన్నొకటి తాకకుండా బాగా దగ్గరగా పోయేవాటిలో కొన్ని మూడు ప్రోటాన్లు పోగొట్టుకుంటాయి. 2015 నుంచి 2018 దాకా అలా సుమారు 8,600 కోట్ల బంగారం కేంద్రకాలు పుట్టాయని 2025లో లెక్క చెప్పారు. మొత్తం బరువు 29 పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్లో వంతుల్లో 29. అవి కూడా క్షణంలో ఆ యంత్రం గొట్టానికి గుద్దుకుని ముక్కలైపోయాయి.

కాబట్టి 1 నుంచి 118 దాకా మెట్లన్నీ నిండిపోయాయి. ఆఖరి నాలుగు పేర్లు 2016లో ఖాయమయ్యాయి. నిజంగా కొత్త మూలకం రావాలంటే 119 నుంచి పైకే రావాలి. అన్నేసి ప్రోటాన్లు ఒకచోట ఉంటే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కేంద్రకం నిలవదు. 118వ ఒగానెస్సాన్‌కి ఆయుష్షు మిల్లీసెకను లోపే. దాంతో కవచం చేయించుకోవాలంటే కంసాలికి చాలా చేతివేగం ఉండాలి. కొన్ని భారీ కేంద్రకాలు ఇంకాస్త ఎక్కువసేపు ఉండవచ్చని సిద్ధాంతం చెబుతోంది, సినిమావాళ్లకి మిగిలిన సందు అదొక్కటే.

2024లో అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో టైటానియం కేంద్రకాలను ప్లుటోనియం మీదికి 22 రోజులపాటు వదిలితే, 116వ మూలకం పరమాణువులు రెండంటే రెండు వచ్చాయి. అదీ పాత మూలకమే. ఆ పద్ధతితో 120ని అందుకోవాలన్నది వాళ్ల ప్రయత్నం. జపాన్‌లోని రైకెన్ సంస్థ వాళ్లు క్యూరియం మీదికి వనేడియం వదులుతూ 119 కోసం చూస్తున్నారు. అది దొరికితే పట్టికలో కొత్తగా ఎనిమిదో వరస మొదలుపెట్టాలి, దాని చోటు ఫ్రాన్షియం కింద.