తావో అంటే దారి: పుస్తకం నుంచి వంటింటి దాకా

అందరికీ నమస్తే. హ్యూయాన్ త్సాంగ్ గురించి స్కూల్లో చదివాం కదా, 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చి మన అమరావతి దగ్గరి ధాన్యకటకం దాకా తిరిగిన బౌద్ధ భిక్షువు. ఆయన తిరిగెళ్ళాక 647లో తాంగ్ చక్రవర్తి ఒక పని అప్పజెప్పాడు, తావో ఆలోచనకి మూలమైన దావో ద జింగ్ అనే పుస్తకాన్ని (దావో అన్నా తావో అన్నా ఒకటే మాట) సంస్కృతంలోకి మార్చమని, ఎందుకంటే అస్సాం వైపు కామరూప రాజు అది కావాలని అడిగాడు. పైగా తాంగ్ రాజుల ఇంటిపేరు లీ, ఆ పుస్తకం రాసాడని చెప్పుకునే లావోజి ఇంటిపేరూ లీనే, ఆయన మా పూర్వీకుడే అని వాళ్ళు గట్టిగా చెప్పుకునేవాళ్ళు.

కానీ "తావో" అన్న మాట దగ్గరే పేచీ వచ్చింది. "బోధి" అని పెట్టండి అని అక్కడి తావో పండితులు, కాదు "మార్గం" అనే పెట్టాలి అని హ్యూయాన్ త్సాంగ్. నాకు ఆయన చెప్పిందే కరెక్ట్ అనిపిస్తుంది, చైనీస్‌లో ఆ మాటకి మామూలు అర్థం దారే మరి.

పుస్తకం చిన్నదే, 81 అధ్యాయాలు, సుమారు 5000 చైనీస్ అక్షరాలు. లావోజి నిజంగా ఉన్నాడా లేదా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చలేదు గానీ 1993లో చైనాలోని హుబెయ్‌లో ఒక పాత సమాధిలో ఇందులోని భాగాలు వెదురు పలకల మీద దొరికాయి, అవి దాదాపు 2300 ఏళ్ళ నాటివి.

ఈ పుస్తకంలో అందరూ తప్పుగా అర్థం చేసుకునేది "వు వెయ్", అంటే బలవంతం చేయకుండా పనిని దాని దారిలో సాగనివ్వడం. ఏమీ చేయకుండా కూర్చోవడం అనుకుంటారు, అస్సలు కాదు. జువాంగ్‌జి అనే ఇంకో తావో గ్రంథంలో ఒక వంటవాడి కథ ఉంది. మామూలు వంటవాడు నెలకో కత్తి మారుస్తాడు, ఎందుకంటే ఎముకల మీద నరుకుతాడు. ఇతను మాత్రం 19 ఏళ్ళుగా ఒకటే కత్తితో వేల ఎద్దుల్ని కోసాడు, అయినా పదును పోలేదు, కీళ్ళ మధ్య ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడే కత్తి పోనిస్తాడు కాబట్టి. ఎంత సాధన ఉంటే అంత తేలిగ్గా చెయ్యి ఆడుతుందో చూడండి!

ఇదంతా ఆలోచన. మతంగా మారింది తర్వాత, క్రీ.శ. 142లో సిచువాన్ కొండల్లో లావోజి తనకి ప్రత్యక్షమయ్యాడని జాంగ్ దావోలింగ్ అనే గురువు చెప్పాక. అక్కడినుంచి గుళ్ళు, పూజారులు, మంత్రాలు, చావు లేకుండా చేసే మందుల కోసం వెతుకులాట, ఆ మందుల ప్రయోగాల్లోంచే తుపాకిమందు పుట్టింది, చైనీస్‌లో దాని పేరుకి అర్థం ఇప్పటికీ "నిప్పు మందు" అనే.

ఇక చైనా ఇళ్ళల్లో సంగతి చూస్తే, చాలా చోట్ల పొయ్యి దగ్గర కాగితం మీద వేసిన వంటింటి దేవుడి బొమ్మ ఉంటుంది. పాత సంవత్సరం ఇంకో వారంలో అయిపోతుందనగా ఆయన పైకెళ్ళి స్వర్గాన్ని ఏలే జేడ్ చక్రవర్తికి ఇంటి విషయాలన్నీ చెప్తాడట, అందుకని తీపి మాటలే చెప్పాలని బొమ్మ మూతికి తేనె రాసి, ఆ కాగితాన్ని కాల్చి సాగనంపుతారు. కొత్త ఏడాదికి కొత్త బొమ్మ అతికిస్తారు.