మన సీమ కాలాల్లోంచి కుక్కపిల్లకు పేరు: ఎంచుకోవడం, అలవాటు చేయడం

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఇంటికి కుక్కపిల్ల వచ్చింది, పేరేం పెట్టాలో తేలట్లేదు, కాలానికి తగ్గట్టు ఏదన్నా పెడదామని ఉంది అనుకుంటున్నారా? ఈ వీడియో మీకోసమే. మాది అనంతపురం, అందుకని ఉదాహరణలన్నీ మన సీమవే చెప్తా.

కాలం పేరు అనగానే అందరూ ముందు పంచాంగం తీస్తారు. వసంత, చైత్ర, శ్రావణి, శరత్, హేమంత్, కార్తీక్... చూడండి, అన్నీ మనుషుల పేర్లే. పోనీ కార్తెలు చూద్దామంటే రోహిణి, స్వాతి, విశాఖ, రేవతి. ఏ వీధిలోనైనా ఒకరుంటారు. రోజూ గేటు దగ్గర నిలబడి "స్వాతీ" అని కుక్కను కేకేస్తుంటే ఎదురింటి స్వాతక్క మనసు నొచ్చుకుంటుంది. శ్రావణం, కార్తీకం పూజల నెలలు కదా, ఆ పేర్లు కుక్కకు పెడతామంటే ఇంట్లో పెద్దోళ్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లనొక మాట అడగండి. చిత్త కార్తె జోలికి మాత్రం అసలు పోవద్దు. ఊళ్లో అది తిట్టు. పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు, పాపం ఆ పసిప్రాణానికేం తెలుసు.

కాబట్టి పంచాంగం పక్కన పెట్టేయండి. పిల్ల మీ ఇంటికొచ్చిన వారంలో చేన్లో ఏముంది, సంతలో ఏం రాశులు పోశారు, వీధిలో ఏ చెట్టు పూసింది, అది చూడండి. నా లెక్కలో కాలం పేరంటే అదే.

ఇదిగో, దీన్ని చూపిస్తా. పేరు కంది. సంక్రాంతి ముందు వచ్చింది. ఆ రోజుల్లో మన చేన్లెట్లుంటాయో మీకు తెలుసు కదా, చెనిక్కాయ పెరికేసి నెలలవుతుంది, ఆ ఖాళీ నేలలో కంది సాళ్లొక్కటే నిలబడి ఉంటాయి. ఇళ్లల్లో పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెడుతుంటారు. దీని వీపు చూడండి, అచ్చం ఎర్ర కందుల రంగు. ఇంక వేరే పేరు వెతకాల్సిన పని రాలేదు.

మీలో చాలామందికి పిల్లలు ఈ చలికాలంలోనే వచ్చుంటాయి. మన ఊరకుక్కలు ఎక్కువగా భాద్రపదం, ఆశ్వయుజాల్లో జత కడతాయి. కడుపుతో ఉండేది రమారమి 63 రోజులు. అంటే నవంబరు, డిసెంబరుల్లో ఈనుతాయి. పిల్లను తల్లి దగ్గర కనీసం 8 వారాలన్నా ఉంచాలి, అంతకుముందు విడదీయొద్దు. అట్లా సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఇళ్లకు చేరతాయి. ఆ రోజుల్లో కందీ, రేగూ, అనపా, పొద్దున పొలాల మీద పడే మంచూ, అన్నీ పేర్లకు పనికొస్తాయి.

ఉగాదికి వస్తే చిగురు, మల్లి. ఎండాకాలంలో వచ్చిన తెల్లపిల్లకు ముంజి బాగుంటుంది. బనగానపల్లె బేనిషా అంటే ప్రాణమైతే బేనీ అనుకోండి. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

వాన పేర్ల గురించి కాస్త నిదానంగా చెప్తా, ఎందుకంటే మన జిల్లాలో వాన పేరుకున్న విలువ వేరు. ఏడాది మొత్తం కలిపినా సుమారు 550 మిల్లీమీటర్లే పడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసేసి మన దాకా వట్టి గాలై వస్తాయి. అందుకే పుస్తకంలో వర్షరుతువు ఎప్పుడున్నా, మన దగ్గర గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఆ నెలల్లో పిల్ల వస్తే చినుకు, జల్లు, తుంపర, ఏదైనా పెట్టొచ్చు. అదే తొలకరికి వచ్చి, ఒళ్లు ఎర్రగా ఉంటే ఆరుద్ర అని పిలవండి. కార్తె పేరూ అదే, తడిసిన ఎర్రమట్టిలో మఖమల్ లాగా మెల్లగా పాకే పురుగు పేరూ అదే. చిన్నపిల్లలు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటారు కదా, ఆ ముద్దంతా పేరులో ఉంటుంది. పొడుగనిపిస్తే ఇంట్లో ఆరూ అని పిలుచుకోవచ్చు.

పేరు ఖాయం చేసేముందు మాత్రం ఒకసారి గట్టిగా కేకేసి చూడండి. రెండక్షరాలైతే మంచిది, మూడుకి మించొద్దు. క, గ, ట, ద లాంటి అక్షరముంటే దూరానికి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. ఇంకోటి, మీరు రోజూ వాడే ఆజ్ఞల్తో పేరు కలవకూడదు. మబ్బు నాకు చాలా ఇష్టమైన పేరు, కానీ "మబ్బూ", "వద్దూ" పక్కపక్కన పలికి చూడండి. రెండిటికీ ఒకటే ఊపు. పిల్ల తికమకపడుతుంది. ఇంట్లో చిన్నూ, బన్నీ అనే పిల్లలుంటే వాళ్ల పేర్లకు దగ్గరగా ఉన్నవి కూడా వదిలేయండి.

ఇప్పుడు అలవాటు చేయడం. ఉడికిన గుడ్డు, ఉప్పు లేకుండా, చిటికెనవేలి గోరంత ముక్కలు చేసుకున్నా. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ పెట్టొద్దు, కుక్కలకు అవి విషం. ఇల్లు సందడిగా లేనప్పుడు, పిల్లకు కాస్త ఆకలిగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఇప్పుడది అటు తిరిగి నా చెప్పు వారు కొరుకుతోంది. నేను కదలట్లేదు, చప్పట్లు లేవు. ఒక్కసారి, మామూలు గొంతుతో...

కందీ.

చూశారా? ముందు ఎడమచెవి లేచింది, తర్వాత తల తిరిగింది, ఇప్పుడు కళ్లు నా మొహం మీదున్నాయి. ఆ చూపు పడ్డ క్షణంలోనే ముక్క నోటికందాలి. ఆలస్యమైతే ముక్క దేనికొచ్చిందో దానికి తెలీదు. పలకలేదని కందీ, కందీ, కందీ అని పదిసార్లు అనకండి, అట్లా అంటే పేరు వట్టి శబ్దమైపోతుంది. కాసేపాగి, కొంచెం దగ్గరికి జరిగి మళ్లీ ఒక్కసారి పిలవండి. రెండు మూడు నిమిషాలు చాలు, రోజులో నాలుగైదు విడతలు చేయండి.

పేరు పెట్టి తిట్టొద్దు, దయచేసి. చెప్పు కొరికితే "వద్దు" అనండి చాలు, "కందీ!" అని గద్దించకండి. పేరు వింటే దెబ్బ పడుతుందని ఒకసారి అనుకుందంటే, రోడ్డు మీద లారీ వస్తున్నప్పుడు మీరు పిలిచినా రాదు. అవ్వ ఒకలా, పిల్లలు ఒకలా కాకుండా ఇంట్లో అందరూ ఒకటే పేరుతో పిలవాలి. పెద్ద కుక్కను తెచ్చుకుని పాత పేరు మార్చాలనుకుంటే కొన్నాళ్లు రెండు పేర్లూ కలిపి పిలవండి, అది పలుకుతున్న కొద్దీ పాతది వదిలేయొచ్చు.

పేరు కుదిరాక పశువుల ఆసుపత్రిలో టీకాల కార్డు మీద అదే రాయించండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించడం మర్చిపోవద్దు. మీ పిల్ల రంగేంటో, ఏ నెల్లో వచ్చిందో కింద రాయండి, పేర్లు కలిసి ఆలోచిద్దాం.